పాత ఒమేగా వాచీ అమ్మే ముందు: డయల్ ఒరిజినలా కాదా ఎలా తేల్చుకోవాలి, కొనేవారికి ఏం చెప్పాలి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. నాన్నగారు వాడిన 1960ల నాటి ఒమేగా సీమాస్టర్ ఆటోమేటిక్ మీ దగ్గర ఉంది, అమ్మాలనుకుంటున్నారు. చూసిన ఒకాయన "డయల్‌కు మళ్లీ రంగు వేశారు, సగం ధరే ఇస్తాను" అన్నారు. ఇంకొకరు పాలిష్ పట్టించి, కొత్త డయల్ వేయించి అమ్మితే ఎక్కువ పలుకుతుందన్నారు. వెనుక మూత మీద నాన్నగారి పేరు చెక్కి ఉంది, దాన్ని చెరిపించాలా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏదీ ముట్టుకోవద్దు. పాలిష్ వద్దు, డయల్ మార్పు వద్దు, పేరు చెరపడం అసలే వద్దు. పాత వాచీలు తెలిసిన మెకానిక్ చేత వెనుక మూత తీయించి, లోపలి అంకెలు చదివించి, వెలుతురులో స్పష్టమైన ఫొటోలు తీయించండి. ఏ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదో, ఏది తర్వాత మార్చినదో, ఏది తేలలేదో విడివిడిగా రాసుకుని, ఆ రాతతోనే అమ్మకానికి పెట్టండి. సగం ధర అన్నాయన మాట నిజమే కావచ్చు, బేరం కోసం అన్నదీ కావచ్చు. ఏ గుర్తు చూసి అలా అనుకున్నారో చెప్పమనండి. నిజంగా తెలిసినవారు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. "చూస్తే తెలుస్తుంది" అని ఊరుకుంటే ఆ మాటకు ధర తగ్గించాల్సిన పని లేదు.

ఇక వివరంగా చెబుతాను. పాత వాచీలు బాగుచేస్తూ, వాటిని అమ్ముకునేవారికి సాయపడుతూ ఉండేవాడిని కాబట్టి ఈ తగువు నా ముందుకు తరచూ వస్తుంది. చాలాసార్లు గొడవకు మూలం ఒకటే. వాచీ మొత్తానికి కలిపి "ఒరిజినలా, కాదా" అని అడుగుతారు. అరవై ఏళ్లు చేతికి ఉన్న వస్తువు గురించి అలా అడిగితే సరైన జవాబు రాదు. భాగం భాగంగా అడగాలి.

ఆ రోజుల్లో వాచీ రోజూ వాడే వస్తువు. కీ ఇచ్చే క్రౌన్ అరిగితే మార్చేవారు, ముల్లు తుప్పు పడితే మార్చేవారు, అద్దం గీతలు పడితే కొత్తది బిగించేవారు. కంపెనీ సొంత సర్వీసు కేంద్రాలే మాసిన డయల్ తీసి కొత్తది వేసి పంపిన సందర్భాలు కోకొల్లలు. అప్పుడు అది తప్పు కాదు, మంచి సేవ. అందుకే ఒక భాగం గురించి నేను నాలుగు రకాలుగా ఆలోచిస్తాను: ఆ వాచీతోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, అదే కంపెనీ తర్వాత సర్వీసులో వేసింది, అదే కంపెనీది గానీ మరో వాచీ నుంచి తీసి పెట్టింది, బయటివారు తయారుచేసింది. ధర విషయంలో మొదటికీ నాలుగోదానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. మధ్య రెండూ బయటికి చెప్పి అమ్మితే గౌరవంగానే అమ్ముడుపోతాయి, దాచి అమ్మితే తిరిగి వస్తాయి.

డయల్ సంగతి

పాత వాచీ విలువలో సింహభాగం డయల్‌దే, అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ ఒకటి సంపాదించండి. అద్దం గీతలు పడి ఉంటే పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి.

మొదట అక్షరాలు. ఫ్యాక్టరీలో చెక్కిన పలక మీది సిరాను మెత్తటి దిమ్మెతో ఎత్తి డయల్ మీద అద్దుతారు. అందువల్ల అక్షరం అంచు పదునుగా, సిరా కాస్త ఉబ్బెత్తుగా, గీత మందం అంతటా ఒకేలా ఉంటుంది. మళ్లీ వేసిన డయల్‌లో అక్షరాలు లావెక్కుతాయి, మూలలు గుండ్రబడతాయి, 'సీమాస్టర్' అనే వంపు రాతలో సన్నని గీతలకూ మందపు గీతలకూ తేడా పోతుంది. ఆరు అంకె కింద అంచున ఉండే 'స్విస్ మేడ్' చూడండి. రంగు వేసేవారు దాన్ని వదిలేయడమో, ఎత్తుగా పెట్టడమో, నిమిషాల గీతలతో పొంతన లేకుండా రాయడమో తరచూ జరుగుతుంది.

తర్వాత నిమిషాల గీతలు. ప్రతి గంట గుర్తు మధ్యకూ దాని నిమిషపు గీత సరిగ్గా ఎదురుగా రావాలి. పన్నెండు దగ్గర సరిపోయి, నాలుగు దగ్గర వెంట్రుకవాసి జరిగిందంటే అనుమానించాలి. గంట గుర్తులూ ఒమేగా చిహ్నమూ లోహంతో చేసి అతికించినవైతే వాటి మొదళ్ల చుట్టూ చూడండి. రంగు కాలువలా గూడుకట్టి ఉంటే వాటిని తీయకుండా మీద నుంచే పూత వేశారని అర్థం.

ఇంకో గుర్తు చాలామందికి తెలియదు. డయల్‌కు మళ్లీ అచ్చు వేసేటప్పుడు దిశ తప్పకుండా ఉండేందుకు కొందరు దాని అంచున చిన్న గంటు పెట్టేవారు. మూత తీసి, యంత్రాన్ని కేసులోంచి (వాచీ బయటి లోహపు గూడులోంచి) బయటికి తీస్తే తప్ప అది కనిపించదు. కనిపిస్తే దాదాపు తేలిపోయినట్టే. అలాగే డయల్ వెనుక వైపు రంగు తుంపరలు పడి ఉండకూడదు. అయితే ఈ ఒక్కదాని కోసం డయల్ ఊడదీయించవద్దు. దాని సన్నని కాళ్లు విరిగే ప్రమాదం ఉంది. ఎలాగూ సర్వీసుకు విప్పినప్పుడు ఫొటో తీయమంటే చాలు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ నమ్మేది వయసు పొంతన. వాచీలోని భాగాలన్నీ ఒకే గదిలో, ఒకే తేమలో, ఒకే ఎండలో కలిసి ముదిరినవి. ముళ్ల మీద తుప్పు చుక్కలు ఉండి, డయల్ మాత్రం నిన్న పూత వేసినట్టు మెరుస్తుంటే ఏదో ఒకటి తర్వాత వచ్చిందే. దీనికి తిరుగు కూడా నిజం. డయల్ అంచుల్లో పసుపు తిరిగి, అక్కడక్కడా మచ్చలు పడి, అక్షరాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అది ఒరిజినల్ అనడానికి బలమైన సూచన. ఒకావిడ తన పెదనాన్నగారి వాచీ ఇలాగే తెచ్చారు. డయల్ మురికిగా ఉందని, కొత్తగా పూత వేయిస్తేనే ఎవరైనా కొంటారని ఆమెకు ఎవరో చెప్పారట. లూప్‌లో చూస్తే అచ్చు అంతా ఫ్యాక్టరీదే. మచ్చలతోనే అమ్మమన్నాను. కొన్న సేకర్తకు ఆ మచ్చలే నచ్చాయి, ఎందుకంటే మధ్యలో ఎవరి చేయీ పడలేదని అవే సాక్ష్యం. ఆ పూత వేయించి ఉంటే తిరిగి రాని నష్టం జరిగేది.

ముళ్లనూ అక్కడే చూసుకోండి. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతలను అందుకోవాలి, గంటల ముల్లు గంట గుర్తుల దగ్గరకు రావాలి. పొట్టిగా ఆగిపోతే అది వేరే వాచీ ముల్లు. గంట గుర్తుల మధ్యలో నల్లని గీత ఉంటే ముళ్లలోనూ సాధారణంగా ఉంటుంది.

చీకట్లో మెరిసే పూత

మీ డయల్ మీద మెరిసే చుక్కలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే అవి చాలా చెబుతాయి. మొదట్లో ఈ పూతలో రేడియం వాడేవారు. 1960ల తొలి భాగంలో స్విస్ కంపెనీలు ట్రిటియంకు మారాయి, ఆ సంగతి తెలిసేలా డయల్ కింద 'టి స్విస్ మేడ్ టి' అని అచ్చు వేయసాగాయి. ట్రిటియం సగానికి తగ్గడానికి 12.3 ఏళ్లు పడుతుంది. అంటే 60 ఏళ్లకు మిగిలేది సుమారు 3 శాతం. కాబట్టి ఆ కాలపు చుక్కలు ఇప్పుడు చీకట్లో మెరవకూడదు. దీపం చూపించి ఆర్పాక కూడా చాలా నిమిషాలు పచ్చగా వెలుగుతూనే ఉంటే, అది 1990లలో వచ్చిన రకం పూత, తర్వాత కొత్తగా వేసింది. డయల్ చుక్కలు మెరవక ముళ్లు మాత్రమే మెరుస్తుంటే ముళ్లు మార్చారు లేదా వాటికి పూత వేశారు. 'టి' గుర్తులు ఉండి డయల్ మీద గానీ ముళ్ల మీద గానీ పూత జాడే లేకపోతే అది కూడా ప్రశ్నించాల్సిన విషయమే.

ఒక జాగ్రత్త. రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. మెరిసే పదార్థం పాడైపోయి వెలుగు ఆగిపోయినా రేడియం మాత్రం అలాగే ఉంటుంది. 'టి' లేకుండా మెరుపు పూత ఉన్న పాత డయల్ అయితే ఇంట్లో విప్పవద్దు, ఆ పూతను గీకవద్దు, రాలిన పొడిని పీల్చవద్దు. అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి చెప్పండి.

మూత తీస్తే కనిపించేది

ఇక్కడ అభిప్రాయాలకు చోటు తక్కువ, అంకెలే మాట్లాడతాయి. ఆ కాలపు ఒమేగాల్లో వరుస సంఖ్య యంత్రం మీద ఉంటుంది, మోడల్ సంఖ్య వెనుక మూత లోపల ఉంటుంది. 1960ల తొలినాళ్ల నుంచి వాడిన పద్ధతిలో మోడల్ సంఖ్య 165తో మొదలైతే తేదీ లేని సీమాస్టర్ ఆటోమేటిక్, 166తో మొదలైతే తేదీ ఉన్నది. యంత్రం ఏ రకమో చెప్పే సంఖ్య కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఉదాహరణకు 165.002 కేసులో 552 రకం యంత్రం ఉండటం సహజం. అది తేదీ లేనిది, 24 రాళ్లది (ఇరుసులు అరగకుండా లోపల అమర్చే చిన్న రాళ్లు). తేదీ ఉన్న కేసులకు 562, 565 వంటివి వస్తాయి. 166తో మొదలయ్యే మూతతో, తేదీ గడి లేని డయల్‌తో ఒక వాచీ నా దగ్గరకు వచ్చింది. లోపల 552 యంత్రం. ప్రతి భాగమూ నిజమైన ఒమేగాదే, అన్నీ కలిపి మాత్రం ఫ్యాక్టరీ ఎన్నడూ అమ్మని వాచీ. అమ్మే ఆయనకు ఆ విషయం తెలియదు, ఆయన మోసగాడేమీ కాదు. కానీ ఆ ఒక్క ఫొటో లేకుండా అమ్మి ఉంటే మోసం చేశాడన్న పేరు ఆయనకే వచ్చేది.

వరుస సంఖ్యను బట్టి కాలం అంచనా కట్టవచ్చు. రెండు కోట్లకు అటూ ఇటూ ఉంటే సుమారుగా 1960ల తొలి భాగం. సంవత్సరం వరకు చెప్పే పట్టికలు దొరుకుతాయి గానీ, వాటిని ఒకటి రెండేళ్లు అటూ ఇటూగానే తీసుకోండి. ఈ యంత్రాలకు రాగి రంగు పూత ఉంటుంది. అది అంతటా సమానంగా ఉండి ఒక్క పలక మాత్రం వేరే ఛాయలో కనిపిస్తే, ఆ పలక మార్చారేమో అడగండి. మూత లోపల సూదితో గీసిన చిన్న చిన్న అంకెలు, తేదీలు కనిపిస్తే కంగారు పడవద్దు. పాత మెకానిక్‌లు సర్వీసు చేసినప్పుడు పెట్టుకున్న గుర్తులవి. నాకు అవంటే ఇష్టం, ఫొటోలో అవి కూడా కనబడేలా తీయండి.

సీకో వాచీ ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అందులో వెనుక మూత మీది వరుస సంఖ్యలో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు 0, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. దశాబ్దం మాత్రం మోడల్‌ను బట్టి తేల్చుకోవాలి.

పాలిష్ ఎందుకు వద్దంటున్నాను

పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడం. గీతతో పాటు అంచు కూడా పోతుంది. పట్టీ తగిలించే కొమ్ముల మీద ఫ్యాక్టరీ పెట్టిన పదునైన అంచులు, సన్నని గీతల మెరుగు ఒకసారి అరిగిపోతే మళ్లీ రావు. చాలా సీమాస్టర్ల వెనుక మూత మీద సముద్రపు గుర్రం బొమ్మ ఉంటుంది. దాని ముఖం, మెడ దగ్గరి గీతలు స్పష్టంగా ఉంటే మూతను పెద్దగా అరగదీయలేదని అర్థం, ఆ ఫొటో మీకు డబ్బు తెచ్చిపెడుతుంది. బంగారు పూత కేసైతే పాలిష్ మరింత ప్రమాదం, కొమ్ముల చివర్లలో కింది లోహం బయటపడుతుంది. గట్టి బంగారమైతే 0.750 వంటి ముద్రలు ఎంత పదునుగా ఉన్నాయో చూస్తారు. గీతలున్న కేసును కొనేవారు కావాలంటే తర్వాత పాలిష్ చేయించుకోగలరు. అరిగిన కేసును ఎవరూ వెనక్కి తేలేరు. కొత్త డయల్ విషయంలోనూ నా వాదన ఇదే. కొనేవారు చేసుకోగల పనిని మీరు ముందే చేసి, వారికి ఉన్న ఎంపికను తీసేయవద్దు.

నాన్నగారి పేరు గురించి. సాధారణంగా పేరు చెక్కిన వాచీకి ధర కొంచెం తగ్గుతుంది, అది నిజం. కానీ చెరిపితే మూత పలుచబడి, ఏదో దాచారన్న అనుమానం కూడా తోడవుతుంది. అది ఎవరి వాచీ అన్న కథకు ఆ పేరే ఆధారం. నటుడు పాల్ న్యూమన్ వాడిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లకు పైగా పలికింది. జాగ్రత్తగా నడపమంటూ భార్య చెక్కించిన మాటలు దాని వెనుక ఉన్నాయి, అది ఆయనదే అనడానికి అవీ ఒక సాక్ష్యమయ్యాయి. మన వాచీలకు ఆ ధర రాదు, కానీ నిజమైన చరిత్రను చెరపకూడదన్నది అన్నిటికీ వర్తిస్తుంది. నాన్నగారు కొన్నప్పటి రసీదు, డబ్బా, పాత సర్వీసు చీటీ, ఆయన చేతికి ఆ వాచీ ఉన్న ఫొటో ఏది దొరికినా జత చేయండి.

కంపెనీ పత్రం తెప్పిస్తే సరిపోదా?

కొన్ని కంపెనీలు పాత రికార్డులు చూసి, ఫలానా సంఖ్య గల యంత్రం ఫలానా మోడల్‌లో ఫలానా కాలంలో తయారైంది అని పత్రం ఇస్తాయి. దొరికితే మంచిదే. కానీ అది చెప్పేది వాచీ ఫ్యాక్టరీ గడప దాటిన రోజు గురించి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న డయల్, ముళ్లు ఆనాటివేనా అన్నది ఆ రికార్డులకు తెలియదు. పత్రం ఉంది కాబట్టి అంతా ఒరిజినలే అని ప్రకటనలో రాయవద్దు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలంలో అమ్ముడైన ఒమేగా స్పీడ్‌మాస్టర్ సంగతి చూడండి. 1957లో వచ్చిన మొదటి మోడల్, సంఖ్య సీకే 2915-1. 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా సంస్థే, తన మ్యూజియం కోసం. 2023లో ఆ సంస్థే, అది వేర్వేరు పాత వాచీల భాగాలు కలిపి కట్టినదని, ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని ప్రకటించింది. భాగాలు నిజమైనవి, పేరు పెద్దది, వేదిక పెద్దది, అయినా వాచీ మొత్తంగా అబద్ధం. అందుకే తెలిసిన కొనుగోలుదారు మిమ్మల్ని గుచ్చి గుచ్చి ప్రశ్నలు అడిగితే నొచ్చుకోవద్దు. ఆయన మిమ్మల్ని అనుమానించడం లేదు, వాచీని పరీక్షిస్తున్నాడు.

అమ్మకానికి పెట్టేటప్పుడు

వాచీ నడుస్తుంటే అమ్మకం కోసం ప్రత్యేకంగా సర్వీసు చేయించాలని నేను అనను. మెకానిక్ దగ్గర వేగం కొలిచే యంత్రం మీద పెట్టించి ఆ తెర ఫొటో తీసుకుంటే చాలు. పూర్తిగా కీ ఇచ్చిన స్థితిలో బ్యాలెన్స్ చక్రం ఊపు 250 నుంచి 300 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 200 కంటే తగ్గితే సర్వీసు కావాలని ప్రకటనలోనే రాయండి. ఆగిపోయి ఉంటే బలవంతంగా తిప్పుతూ నడిపించే ప్రయత్నం చేయవద్దు, ఎండిన నూనెతో అరుగుదల పెరుగుతుంది. ఒకవేళ సర్వీసుకు ఇస్తే ముందే కచ్చితంగా చెప్పండి: శుభ్రం చేసి నూనె వేయడం మాత్రమే, డయల్, ముళ్లు, కేసు ముట్టుకోవద్దు, మార్చిన ప్రతి పాత భాగమూ చిన్న సంచిలో వేసి తిరిగి ఇవ్వాలి. పాత క్రౌన్ అరిగిపోయినా సరే, దాన్ని వాచీతో పాటు ఇస్తే కొనేవారు సంతోషిస్తారు.

అద్దం, క్రౌన్ మారి ఉండటం పెద్ద లోపం కాదు. అద్దం మధ్యలో లూప్‌కు మాత్రమే కనిపించేంత చిన్న ఒమేగా గుర్తు ఉంటే కంపెనీది, లేకపోతే బయటిది. పట్టీ గురించి ఆలోచించనక్కర్లేదు, తోలు పట్టీ ఎలాగూ మారుతూనే ఉంటుంది. కంపెనీ ఉక్కు చైన్ మాత్రం ఉంటే దాని లోపలి సంఖ్యల ఫొటో తీయండి, అది విడిగానే విలువైనది.

ప్రకటనలో 'వంద శాతం ఒరిజినల్' అనే మాట రాయవద్దని నా గట్టి సలహా. రుజువు చేయలేని హామీ అది, రేపు వాచీ తిరిగి పంపడానికి అదే కారణమవుతుంది. ఇలా రాయండి: "యంత్రం, కేసు సంఖ్యలు ఒకదానికొకటి సరిపోతున్నాయి, ఫొటోలు చూడండి. డయల్ ఒరిజినల్ అని నా అభిప్రాయం, దగ్గరి ఫొటోలు జత చేశాను. క్రౌన్ మార్చినది. అద్దం ఎప్పటిదో తెలియదు. కేసుకు మా కుటుంబం పాలిష్ చేయించలేదు. వెనుక పేరు చెక్కి ఉంది." ఒకాయన తన వాచీకి సర్వీసులో కంపెనీ వేసిన కొత్త డయల్ ఉందని మొదటి వాక్యంలోనే రాసి, ఆ సర్వీసు చీటీ ఫొటో పెట్టారు. ఒరిజినల్ డయల్ ఉన్నదానికంటే తక్కువకే పోయింది, కానీ అడిగిన ధరకే పోయింది, బేరం కూడా జరగలేదు. అనుమానానికి తగ్గించే మొత్తం ఎప్పుడూ తెలిసిన లోపానికి తగ్గించేదానికంటే ఎక్కువే ఉంటుంది.

ధర నిర్ణయానికి జనం అడుగుతున్న ధరలు చూడవద్దు, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. వేలం సంస్థల పాత ఫలితాల్లో మీ మోడల్ సంఖ్యతో వెతికి, డయల్ స్థితి దగ్గరగా ఉన్నవాటితోనే పోల్చండి. డయల్ పోలికకూ ఆ ఫొటోలే పనికొస్తాయి, అయితే ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పుకోవద్దు. ఒకే మోడల్‌కు రెండు మూడు రకాల అచ్చులు ఉండేవి.

మీరు పెట్టిన ఫొటో ఒకటే, అదీ దూరం నుంచి తీసింది, దాన్ని చూసి డయల్ గురించి ఏ మాటా అనలేను. మూత తీయించాక ఈ ఐదు పంపండి: అద్దం మీద వెలుతురు మెరవకుండా తీసిన డయల్, ఆరు అంకె కింది అంచు మాత్రమే దగ్గరగా, మూత లోపలి భాగం, యంత్రం మీది సంఖ్య, పక్క నుంచి కొమ్ములు. వరుస సంఖ్యలో చివరి మూడు అంకెలు వేలితో మూసి తీయండి, బహిరంగంగా మొత్తం పెడితే దాన్ని నకిలీల మీద చెక్కుకునేవారు ఉన్నారు. అవి చూశాక ఆ పెద్దమనిషి చెప్పిన సగం ధరకు ఆధారం ఉందో లేదో చెప్పగలను.